డ్రిల్లుకి దండం, స్క్రూలకి ఓ నమస్కారం: ఏడాది వాడాక నా రివ్యూ

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, ఈ బ్యాటరీ డ్రిల్లు నేను కొన్నది కాదు. కంపెనీ వాళ్లు ఊరికే పంపించారు. నెల రోజుల్లో వీడియో పెట్టమన్నారు. అది పోయిన ఉగాది మాట. మళ్లీ ఉగాది వచ్చేసింది. ఈలోపు మా ఇల్లే మారిపోయింది మరి, ఏం చేయను?

టార్క్ (తిప్పే బలం) ఎంత, ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) ఎంత అన్నవి మీరు ఈపాటికి నాలుగు వీడియోల్లో చూసే ఉంటారు. నేను చదవను. ఒక్క మాట మాత్రం. పెట్టె మీద 20 వోల్టులు అని ఉంది చూశారా, అది ఫుల్ ఛార్జ్‌లో ఉన్నప్పటి లెక్క. లోపల ఐదు సెల్స్, ఒక్కోటి 3.6 వోల్టులు, మొత్తం 18. కాబట్టి పక్కన 18 అని రాసి ఉన్న డ్రిల్లు చూసి తక్కువదనుకోకండి.

మేలో అత్తయ్య భీమిలి ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చేశారు. మావయ్య పోయాక ఆవిడ ఒక్కరూ అక్కడ ఉండటం మాకు ఇష్టం లేదు. పెదవాల్తేరులో మాది నాలుగో అంతస్తు, బాల్కనీలోంచి సముద్రం కొద్దిగా కనిపిస్తుంది. ఆవిడ తెచ్చుకున్న సామాను ఒక ట్రంకుపెట్టె, మావయ్య ఫోటో, ఉయ్యాల బల్ల. బల్లని గోడకి ఆనించి పైకి చూసి, "కొక్కేలు లేవేటమ్మా?" అన్నారు. అపార్ట్‌మెంట్ శ్లాబుకి కొక్కేలు ఎక్కడుంటాయండీ!

అదే మొదటి పని. శ్లాబుకి కన్నం వేయడం అంటే క్యాలెండర్‌కి మేకు కొట్టడం కాదు. మనిషి బరువు కిందికి లాగే చోట ప్లాస్టిక్ ప్లగ్గులు పనికిరావు, బిగించేకొద్దీ కన్నంలో విచ్చుకుని పట్టుకునే యాంకర్ బోల్టులే వేయాలి. హ్యామర్ మోడ్‌లో, అంటే తిరుగుతూనే సుత్తిలా కొట్టేలా పెట్టి స్టూలెక్కితే సిమెంటు పొడి మొత్తం ముఖం మీదే. మా నాన్న చిట్కా ఒకటుంది. కొబ్బరిచిప్పకి ఉండే మూడు కళ్లలో మెత్తని కన్ను పొడిచి, ఆ కన్నంలోంచి బిట్టు దూర్చండి. చిప్ప గిన్నెలా పొడిని పట్టేస్తుంది. కళ్లద్దాలు కూడా పెట్టుకోండి, చిప్పని నమ్ముకుని ఊరుకోకండి. ఒకచోట కీచుమని శబ్దం వచ్చి పొడి రావడం ఆగిపోయింది. లోపల ఇనుప చువ్వ తగిలిందన్నమాట. అక్కడ బలం చూపించకుండా రెండంగుళాలు పక్కకి జరిగాను. మా అమ్మాయి కిందనుంచి, "అమ్మా, అయిపోయిందా?" అని వందసార్లు అడిగింది. ఇప్పుడు హోంవర్క్, అత్తయ్య కాఫీ, మా ఆయన నైట్ షిఫ్ట్ దిగి వచ్చి తీసే కునుకు, అన్నీ ఆ ఉయ్యాల మీదే.

ఈ డ్రిల్లు నాకు ఎందుకింత నచ్చిందో చెప్పాలంటే 2014కి వెళ్లాలి. అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను. కిటికీ ఒకటి ఫ్రేముతో సహా ఊడిపోయింది. ఇంట్లో అప్పటికే వైరు డ్రిల్లు ఉంది, మా ఆయన సరదాపడి కొన్నది, ఇటుకంత బరువు. కానీ కరెంటేది? రోజుల తరబడి లేదు. ఆ డ్రిల్లుని పక్కన పెట్టుకుని కిటికీకి దుప్పటి, ప్లాస్టిక్ పట్టా తాళ్లతో కట్టుకుని కూర్చున్నాం. అందుకే దీని బ్యాటరీ క్లిక్‌మని పడగానే నాకు ధైర్యం వస్తుంది. ఇది రివ్యూ లెక్కలోకి రాదని మీరంటారు. నాకు వస్తుంది.

ఇప్పుడు కోపం. పెట్టెలో ఫ్రీగా స్క్రూలు ఇచ్చారు, బంగారం రంగులో తళతళలాడుతూ. మావయ్య ఫోటోకి అవే వాడాను. వానలు పోయి చలి మొదలయ్యేసరికి స్క్రూలు తుప్పుపట్టి ఫోటో కింద గోడ మీద గోధుమరంగు చార, వేలెడు పొడవు. అత్తయ్య దాన్ని తడిగుడ్డతో తుడుస్తూ, "ఆయన ఏడుస్తన్నట్టుంది" అన్నారు. నాకు కడుపులో తిప్పేసింది. కంపెనీకి మెయిల్ పెడితే, "ఇంటి లోపల వాడకానికి మాత్రమే" అని జవాబు. లోపలే కదయ్యా! విశాఖలో గాలే ఉప్పగా ఉంటుంది, తలుపులేస్తే ఆగుతుందా?

ఫిషింగ్ హార్బర్ వైపు పడవల సామాను అమ్మే షాపాయన, "316 స్టీలు అడిగి తీసుకోండమ్మా" అన్నాడు. అదో రకం స్టెయిన్‌లెస్ స్టీలు. అందులో మాలిబ్డినం అనే లోహం కలుస్తుంది, దానివల్లే ఉప్పుకి తట్టుకుంటుంది. 304 కూడా స్టెయిన్‌లెస్సే గానీ సముద్రం పక్కన మచ్చలొస్తాయి. అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుందని కొందరంటారు. తెలీదు, మామూలుగా రెండింటికీ అంటుకోదు. ధర ఎక్కువే. అయినా మావయ్య ఫోటోకి మళ్లీ పిసినారితనం చేయను.

సంక్రాంతికి బొమ్మల కొలువు అరలు కూడా దీంతోనే బిగించాను. అన్నీ ఏటికొప్పాక బొమ్మలే. అంకుడు కర్రని తిప్పుతూ లక్కకర్ర ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. ఆ నునుపు అలా వచ్చిందే. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎండ తగిలే గోడకి మాత్రం ఈ అరలు పెట్టకండి. నేను పెట్టి, ఎర్ర ఏనుగు ఒకవైపు వెలిసిపోయాక మార్చాను. పాత కన్నాలు నాలుగూ పుట్టీతో పూడ్చాను, దగ్గరికెళ్తే ఇప్పటికీ కనిపిస్తాయి.

మార్కులా? డ్రిల్లుకి పదికి తొమ్మిది. స్క్రూలు ఇచ్చిన పాపానికి రెండు తీసేశాను, ఏడు. డబ్బు పెట్టి కొంటానా అంటే కొంటాను, స్క్రూల పొట్లం షాపులోనే వదిలేసి వస్తాను.

ఇక ఉంటాను. అత్తయ్య కిటికీ పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టి నిలబడ్డారు. ఈసారి దేనికో ఇంకా చెప్పలేదు. బ్యాటరీలో రెండు గీతలున్నాయి, ఒక్క కన్నానికి సరిపోద్ది.