ఐసు కరిగినా చప్పబడని కోల్డ్ కాఫీ

నమస్తే అండీ. ముందు ఈ గ్లాసు చూడండి. ఇది పోసి పావుగంటైంది, ఐసు చాలావరకు కరిగిపోయింది. అయినా ఇప్పుడు ఒక గుక్క తాగితే కాఫీ కాఫీలాగే ఉంది. ఇవాళ మనం చేసుకునేది ఇదే. కాఫీ, నిమ్మరసం, సోడా, కాస్త చక్కెర పాకం, అంతే. మద్యం చుక్క ఉండదు, పాలు కూడా ఉండవు.

ఇంట్లో ఐస్ కాఫీ అంటే చాలామంది ఏం చేస్తారు? వేడి కాఫీ కలిపేసి, అందులో ఐసు ముక్కలు పడేస్తారు. రెండు నిమిషాల్లో కాఫీ రంగు నీళ్లు మిగులుతాయి. ఎందుకంటే ఐసును మనం నీళ్ల లెక్కలో వేసుకోం. ఒక గ్రాము ఐసు కరగడానికి పట్టే వేడి ఎంతో తెలుసా అండీ? అదే వేడితో ఒక గ్రాము నీళ్లను 0 నుంచి 80 డిగ్రీల దాకా కాచొచ్చు. అంటే ఐసు కాఫీని చల్లబరిచేదే ముఖ్యంగా తను కరగడం వల్ల. కరగకుండా చల్లబరచమంటే కుదరదు. కాబట్టి ఆ కరిగే నీళ్లను ముందే కొలతలో పెట్టేసుకుందాం.

కొలత రాసుకోండి. కాఫీ పొడి 20 గ్రాములు, మరిగిన నీళ్లు 200 గ్రాములు, ఐసు 120 గ్రాములు. వేడి నీళ్లూ ఐసూ కలిపితే 320, అంటే పొడికి పదహారు రెట్లు. ఇది మామూలుగా కాఫీ తీసే పాళ్లే, కాకపోతే అందులో కొంత నీరు గడ్డకట్టి ఉంది. ఐసు తూచడానికి కాటా లేదా? రాత్రే 120 మిల్లీలీటర్ల నీళ్లు కొలిచి ట్రేలో పోసి పెట్టండి. పొద్దున తీస్తే అది సరిగ్గా 120 గ్రాముల ఐసే.

ఇప్పుడు గాజు జగ్గులో ఆ ఐసంతా వేశాను. పైన ఫిల్టర్ పెట్టి, కాగితం వేసి, పొడి పోశాను. పొడి మరీ మెత్తగా వద్దు, సన్న రవ్వలా బరకగా ఉండాలి. మొదట 40 గ్రాముల నీళ్లే, పొడి మొత్తం తడిసేలా. చూశారా, ఎలా పొంగుతోందో! వేయించిన గింజలో దాక్కున్న కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తోంది. తాజా పొడి అయితేనే ఇంత పొంగు. అర నిమిషం ఆగుదాం. ఇక మిగతా నీళ్లు, సన్నటి ధారగా, మధ్య నుంచి అంచులకి. తొందరపడకండి, మొత్తం మూడు నిమిషాలు పట్టనివ్వండి.

ఈ చప్పుడు వినండి... చిటపటమంటూ. వేడి డికాక్షన్ ఐసు మీద చుక్కచుక్కగా పడి, పడిన క్షణంలోనే చల్లారుతోంది. నాకు ఈ పద్ధతి ఇంత ఇష్టం ఎందుకంటే, కాఫీలోని సువాసన, పండ్లలాంటి ఆ పులుపు వేడి నీళ్లకే బాగా దిగుతాయి. దిగిన వాసన ఆవిరైపోయే లోపే చల్లారిపోతే గ్లాసులోనే ఉండిపోతుంది. చన్నీళ్లలో పొడి నానబెట్టి పన్నెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచే కోల్డ్ బ్రూ కూడా మంచిదే, గరుకు లేకుండా నున్నగా ఉంటుంది. కానీ నిమ్మకాయకి జోడీగా మాత్రం నేను దీన్నే ఎంచుకుంటాను.

చక్కెర నేరుగా వేయకండి, చల్లటి కాఫీలో అడుగున ఇసుకలా కూర్చుంటుంది. చక్కెర, వేడి నీళ్లు సమానంగా కలిపి, చల్లార్చి, సీసాలో పెట్టుకోండి. ఇంకోటి, చల్లదనానికి నాలుకకి తీపి తక్కువగా తెలుస్తుంది. అందుకే వేడి కాఫీకి వేసుకునే దానికంటే ఒక పిసరు ఎక్కువే పడుతుంది.

పొడవాటి గ్లాసు తీసుకోండి. పాకం ఒక టేబుల్ స్పూను, నిమ్మరసం ఒక టీ స్పూను. కలపండి. గ్లాసు నిండా కొత్త ఐసు. ఇది తప్పనిసరి, ఎందుకంటే జగ్గులోని ఐసు దాదాపు అంతా కరిగిపోయింది, కాఫీ చల్లారింది కానీ తాగేంత చల్లగా ఇంకా లేదు. తర్వాత బాగా చల్లటి సోడా, 100 మిల్లీలీటర్లు. చివర్న కాఫీ, ఇంకో 100. ఈ వరస మార్చకండి. కాఫీ మీద సోడా పోస్తే బుస్సున పొంగి టేబుల్ మీదికొస్తుంది. సోడా మీద కాఫీని చెంచా వెనక వైపు నుంచి మెల్లగా జార్చితే నురగ అదుపులో ఉంటుంది. పైగా చూడండి, నల్లటి కాఫీ పైన, తెల్లటి సోడా కింద. పాకం కలిసిన సోడా బరువు కదా, కిందే ఉంటుంది.

కాఫీలో నిమ్మకాయేంటి అని మొహం చిట్లించకండి. అల్జీరియాలోని మజగ్రాన్ అనే చోటు పేరుతో ఒక చల్లటి కాఫీ ఎప్పటినుంచో ఉంది. పోర్చుగల్‌లో దాన్ని నిమ్మరసంతోనే తాగుతారు. పులుపు తగిలితే కాఫీ చేదు వెనక్కి తగ్గి, పండు రుచి ముందుకొస్తుంది. అందుకే మరీ నల్లగా మాడ్చిన గింజలకి ఇది నప్పదు, లేత వేయింపు గింజలే తీసుకోండి. నిమ్మరసం వేశాక మాత్రం పాలు పోయొద్దు, విరుగుతాయి. పాలు కావాలంటే నిమ్మ, సోడా రెండూ మానేసి, అదే కాఫీలో చల్లటి పాలు పోసుకోండి.

జగ్గులో మిగిలింది మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, రెండు రోజుల్లో వాడేయండి. లేదా ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించండి. ఆ ముక్కలు పాలగ్లాసులో వేసుకుంటే కరిగేకొద్దీ కాఫీ చిక్కబడుతుంది.

ఇదిగో, పైన ఒక నిమ్మచెక్క. కలపకుండా మొదటి గుక్క తాగండి, తర్వాత కలిపి రెండో గుక్క. రెండింటి రుచీ వేరు. మీకు ఏది నచ్చిందో కింద రాయండి.