వానల్లో చూడి కట్టే మందకు లెక్క ఎండల్లోనే మొదలు

హోస్ట్: నమస్కారం. అనంతపురం నుంచి మాట్లాడుతున్నాం. అన్నా, మా ఊళ్లో అందరిదీ ఒకే బాధ. ముంగారు వానలు బాగానే పడ్డాయి, బీళ్లన్నీ పచ్చబడ్డాయి. అయినా మందలో చాలా గొర్రెలు చూడి కట్టలేదు. కవలలైతే అసలే లేవు.

డాక్టర్: మన జీవాలకు కవలలు మామూలుగానే తక్కువ, దాన్ని వదిలేయ్. చూడి కట్టకపోవడానికి మాత్రం వెనక్కి పోయి మే నెల చూడాలి. ఎండల్లో రోజంతా తిరిగితే దొరికేది ఎండు కసువు, రాలిన తుమ్మకాయలు. ఒంట్లో కొవ్వు కరిగిపోయాక ఎద సరిగా రాదు, అండాలూ తక్కువే పడతాయి. నాలుగు రోజులు పచ్చిక మేసినంత మాత్రాన అది సర్దుకోదు.

హోస్ట్: చిక్కిందో లేదో చూస్తే తెలుస్తుంది కదా?

డాక్టర్: కంటికి బొచ్చు మోసం చేస్తుందప్పా. చివరి పక్కటెముక వెనకాల నడుం మీద చెయ్యి పెట్టి నొక్కు. ఎముక కొనలు పదునుగా గుచ్చుకుంటే జీవం చిక్కినట్టే. అలాంటి వాటికి పొట్టేలును కలపడానికి రెండు మూడు వారాల ముందు నుంచి రోజుకు పావుకిలో దాణా పెట్టండి. వేరుశనగ చెక్క కలిస్తే ఇంకా మంచిది. ఒక్కసారే పోయకండి, అజీర్తి చేస్తుంది.

హోస్ట్: అడవి జీవాలకు దాణా ఎవరు పెడతారు?

డాక్టర్: అందుకే ఒక కాలంలో దొరికిన తిండి తర్వాతి కాలంలో పిల్లల మీద ప్రభావం చూపడం వాటిలో ఇంకా గట్టిగా కనిపిస్తుంది. అమెరికన్ రెడ్‌స్టార్ట్ అని చిన్న పిట్ట ఉంది, చలికాలం జమైకాలో గడుపుతుంది. తడి ఉన్న మడ అడవి దొరికినవి కండతో ఉండి, గూళ్లు కట్టే ఉత్తర అమెరికాకు ముందే బయల్దేరతాయి. ఎండిన పొదల్లో ఉన్నవి చిక్కిపోయి ఆలస్యం చేస్తాయి. 1998లో శాస్త్రవేత్తలు ఉత్తరాన గూళ్ల చోటికి చేరిన పిట్టల ఒంట్లో తిండి ద్వారా చేరిన కార్బన్ రకాల పాళ్లు చూసి, చలికాలం ఏ చోట గడిపాయో పట్టేశారు. ముందొచ్చిన వాటికి మంచి చోటు, పిల్లల్ని పెంచుకోవడానికి ఎక్కువ సమయం.

హోస్ట్: మన రోళ్లపాడు అభయారణ్యానికి చలికాలంలో వచ్చే హారియర్ గద్దలు కూడా అంతేనా?

డాక్టర్: అవి ఇక్కడ మిడతలు తిని, మళ్లీ మధ్య ఆసియా దాకా ఎగరాలి. ఇక్కడి తిండే వాటికి దారి ఖర్చు.

హోస్ట్: సరే, మళ్లీ మందలోకి వద్దాం. తప్పంతా ఆడ గొర్రెలదేనా?

డాక్టర్: అదే అడుగుతావనుకున్నా! పొట్టేలు బీజం తయారవడానికి సుమారు ఏడు వారాలు పడుతుంది. మే ఎండకు వేడెక్కిన పొట్టేలు జూన్, జూలైల్లో దాటినా చూడి నిలవకపోవచ్చు. మందతో పాటు దాన్నీ మిట్టమధ్యాహ్నం తిప్పకండి. చింతచెట్టు కింద కట్టేసి, నీళ్లు దగ్గర పెట్టండి.