మెటర్నిటీ లీవుకి ముందే డబ్బు దాచుకోవడం: నా నోట్‌బుక్‌లో లెక్క

నమస్తే అండి. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. ఇప్పుడు రెండో నెలో మూడో నెలో నడుస్తున్నవాళ్ల కోసం, వచ్చే ఏడాది బిడ్డ కావాలనుకుంటున్నవాళ్ల కోసం ఈ వీడియో. మీ ఆయన ఇంట్లో ఉంటే ఆయన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక నోట్‌బుక్, పెన్ను తెచ్చుకోండి. వీడియో ఆపుకుంటూ రాసుకుందాం.

ముందు నా సంగతి చెప్తాను. మా పాప పుట్టేటప్పుడు నేను ఇక్కడే ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూసేదాన్ని. లీవు ఉంది, జీతం వస్తుంది అనే ధైర్యంతో చిత్తూరులో అమ్మ వాళ్లింటికి పురిటికి వెళ్లాను. రెండు నెలలు జీతం పడింది. మూడో నెల పడలేదు. ఫోన్ చేస్తే వచ్చే వారం అన్నారు, మళ్లీ చేస్తే మళ్లీ వచ్చే వారం అన్నారు. పాపకి అప్పటికి నలభై రోజులు. ఇక్కడేమో అద్దె కట్టాలి, స్కూటర్ ఈఎంఐ కట్టాలి. ఒకరోజు పొద్దున్నే అమ్మ తన చేతి బంగారు గాజులు రెండు తీసి, కర్చీఫ్‌లో మూట కట్టి నాన్న చేతిలో పెట్టింది. ఆయన వాటిని బ్యాంకులో కుదువ పెట్టి వచ్చారు. తర్వాత జీతం వచ్చింది, గాజులూ విడిపించాం. కానీ ఆ నెలంతా అమ్మ ఉత్త మట్టిగాజుల చేతులతో పాపకి నలుగు పెట్టి నీళ్లు పోస్తుంటే నేను మంచం మీద నుంచి చూస్తూ ఉండేదాన్ని. రెండో కాన్పుకి అలా జరగకూడదని ఈ నోట్‌బుక్ మొదలుపెట్టాను.

మొదటి పేజీ తీయండి. పైన డాక్టర్ ఇచ్చిన డెలివరీ తేదీ రాయండి. కింద ఈ రోజు తేదీ. ఈ రెండింటి మధ్య మీ చేతికి ఎన్ని జీతాలు వస్తాయో లెక్కపెట్టండి. రెండు నెలలు నిండినప్పుడు మొదలుపెడితే ఏడు జీతాలు ఉంటాయి. ఐదో నెల వరకు ఆగితే నాలుగే. అందుకే ఎవరికీ చెప్పకపోయినా ఈ పేజీ మాత్రం ముందే రాసుకోండి అంటాను.

పక్కన లీవు రాయండి. 1961 నాటి మెటర్నిటీ చట్టాన్ని 2017లో సవరించినప్పుడు మొదటి రెండు కాన్పులకి జీతంతో లీవు 26 వారాలు చేశారు. కొత్త సామాజిక భద్రతా కోడ్‌లో కూడా అదే 26 ఉంది. అంటే 182 రోజులు. ఇందులో కాన్పుకి ముందు ఎక్కువలో ఎక్కువ 8 వారాలు వాడుకోవచ్చు. డాక్టర్ సరే అంటే, ఒంట్లో ఓపిక ఉంటే, ముందు తక్కువ వాడి బిడ్డ పుట్టాకే ఎక్కువ రోజులు ఉంచుకోండి. పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట ఇది వర్తిస్తుంది. డెలివరీ తేదీకి ముందు 12 నెలల్లో మీరు కనీసం 80 రోజులు అక్కడ పనిచేసి ఉండాలి. ఉద్యోగం మారుదామనుకుంటున్నవాళ్లు ఈ 80 రోజులు ఒకసారి లెక్క చూసుకోండి.

జీతం నెలకి 21,000 లోపు ఉండి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, కట్ అవుతుంటే, ఈ డబ్బు ఈఎస్ఐ నుంచి వస్తుంది. అక్కడ కూడా 26 వారాలే. పే స్లిప్ తీసి ఈఎస్ఐ నంబరు ఉందో లేదో ఈ రోజే చూడండి.

ఇప్పుడు రెండో పేజీ. ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను. భార్య జీతం 24,000, భర్త జీతం 22,000. మొత్తం 46,000. తిరుపతి కొర్లగుంటలో అద్దె 9,000. సరుకులు, పాలు, కూరగాయలు 9,000. కరెంటు, గ్యాస్, ఫోన్లు 3,000. స్కూటర్ ఈఎంఐ 3,200. పెట్రోలు 2,000. ఎల్ఐసీ 1,800. చీటీ 5,000. అత్తగారింటికి పంపేది 3,000. చిల్లర ఖర్చులు 4,000. కూడితే 40,000. నెలకి మిగిలేది 6,000.

లీవు 26 వారాలూ జీతం వస్తుంది కదా, ఇక టెన్షన్ ఏముంది అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ ఆరు నెలలు నిండేసరికి బిడ్డ ఇంకా పాల మీదే ఉంటుంది, అప్పుడే గుజ్జు అలవాటు చేస్తుంటాం. చూసుకోవడానికి వస్తానన్న పెద్దవాళ్లకి ఏదో అడ్డం పడుతుంది. అప్పుడు ఇంకో రెండు నెలలు జీతం లేకుండా ఉండిపోతాం. లెక్క తప్పేది ఆ రెండు నెలల్లోనే. చేతికి వచ్చేది 22,000, ఖర్చు 40,000. నెలకి 18,000 చొప్పున 36,000 తక్కువ పడుతుంది. దీన్ని పెద్ద అక్షరాలతో రాయండి.

దాని కింద కాన్పు ఖర్చు. మీరు చూపించుకునే ఆసుపత్రిలోనే నార్మల్ అయితే ఎంత, ఆపరేషన్ అయితే ఎంత, బిడ్డని ఐసీయూలో పెడితే రోజుకి ఎంత అని మూడూ అడిగి రాసుకోండి. అడగడానికి మొహమాటపడకండి. నేను ఉదాహరణకి 45,000 వేశాను. ఇక్కడ తిరుపతిలో రుయా ఆసుపత్రి పక్కనే ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది. అక్కడికి వెళ్లేవాళ్లకి ఈ గడి చాలా చిన్నదవుతుంది. ఇన్సూరెన్స్ విషయానికొస్తే, సొంతంగా కొనే పాలసీల్లో కాన్పుకి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే కొన్నాక కొంతకాలం ఆగితేగానీ కాన్పు ఖర్చు ఇవ్వరు. గర్భం నిలిచాక కొన్నది ఈ కాన్పుకి పనికిరాదు. ఆఫీసు గ్రూప్ పాలసీ ఉంటే అందులో కాన్పు ఉందేమో అడగండి.

బిడ్డ ఖర్చు, మీ ఆయన వారం వారం చిత్తూరు వచ్చిపోయే చార్జీలు కలిపి నెలకి 4,000 వేద్దాం. ఎనిమిది నెలలకి 32,000. టీకాలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా వేస్తారు, అక్కడే వేయించండి.

36,000, 45,000, 32,000 కూడితే 1,13,000. నెలకి 6,000 చొప్పున ఏడు నెలలు దాస్తే 42,000. ఇంకా 71,000 కావాలి. ఇక్కడ చాలామంది పుస్తకం మూసేస్తారు. మూయకండి, చీటీ ఉంది కదా.

లక్ష రూపాయల చీటీ, ఇరవై నెలలు, ఇప్పటికి తొమ్మిది కట్టారు అనుకుందాం. కాన్పు నెలకి పదహారోది వస్తుంది. ముందే తొందరపడి వేలం పాడితే చాలా పోతుంది. పదహారో నెలలో పాడి 8,000 పోయినా 92,000 చేతికొస్తుంది. దాచిన 42,000 కలిపితే 1,34,000. ఖర్చులన్నీ పోను 21,000 మిగులుతుంది. నా మాదిరి ఒక నెల జీతం ఆగిపోయినా, ఆ 18,000 ఇందులోంచి వస్తుంది. మిగతా నాలుగు వాయిదాలు ఎలాగూ నెల ఖర్చులో రాసే ఉన్నాం. ఒక్క జాగ్రత్త. చీటీ ఎత్తుకునేటప్పుడు ష్యూరిటీ సంతకాలు అడుగుతారు. తొమ్మిదో నెల కడుపుతో ఆ సంతకాల కోసం తిరగలేరు, ఎవరు పెడతారో ముందే మాట్లాడుకోండి. రిజిస్టర్ అయిన చీటీ అయితేనే దీన్ని నమ్ముకోండి.

6,000 మాత్రం జీతం పడిన మర్నాడే ఆర్డీకి, అంటే బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్‌కి, వెళ్లేలా పెట్టండి. నెలాఖరుకి మిగిలితే దాద్దాం అంటే మిగలదు. శ్రీమంతం ఘనంగా చేయమని ఇంట్లో అడుగుతారు. నేను రెండోసారి ఇంట్లోనే, పదిమంది ముత్తైదువులతో, గాజులు, ఐదు రకాల అన్నాలతో చేసుకున్నాను. ఆ డబ్బు ముట్టుకోనివ్వలేదు.

లీవే లేనివాళ్లు, చిన్న షాపుల్లో పనిచేసేవాళ్లు, మిషన్ కుట్టేవాళ్లు మీ వీధి అంగన్‌వాడీకి వెళ్లి ప్రధానమంత్రి మాతృ వందన యోజనలో పేరు రాయించుకోండి. మొదటి బిడ్డకి రెండు విడతల్లో 5,000, రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 ఇస్తారు. బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు అయి ఉండాలి. మీకు ఇంట్లో ఉండగా జీతం వచ్చే నెల ఒక్కటీ ఉండదు కాబట్టి, రెండో పేజీలో రెండు నెలల చోట మీరు ఇంట్లో ఉండబోయే నెలలన్నీ వేసుకోవాలి. కష్టమే, అయినా అంకె తెలిస్తే ఎవరిని ఎంత అడగాలో ముందే తెలుస్తుంది.

చివరి పేజీ ఆఫీసుకి ఇచ్చే లెటర్. నేను మొదటిసారి నోటిమాటగా చెప్పి వెళ్లిపోయాను. ఈసారి లీవు ఏ తేదీ నుంచి కావాలో, డబ్బు ఏ ఖాతాలో వేయాలో రాసి, డాక్టర్ సర్టిఫికెట్ జతచేసి ఇచ్చాను. కాన్పుకి ముందు రోజుల డబ్బు, గర్భం ఉన్నట్టు కాగితం చూపించినప్పుడే అడ్వాన్సుగా ఇవ్వాలని చట్టంలో ఉంది. మిగతాది బిడ్డ పుట్టినట్టు కాగితం ఇచ్చిన 48 గంటల్లో ఇవ్వాలి. ఆ వాక్యం కూడా లెటర్‌లో మర్యాదగా రాయండి. జిరాక్స్ కాపీ మీద తేదీ వేయించి సంతకం తీసుకోండి. కాన్పయ్యాక ఆఫీసుకి కాగితాలు పట్టుకెళ్లేది మీ ఆయనే కాబట్టి, ఆ కాపీ ఏ ఫైల్లో ఉందో ఆయనకి చూపించే పుట్టింటికి బయల్దేరండి.