ఫస్ట్ ర్యాంకు పిల్లలు కూడా మోటారు విప్పాలి! వరంగల్ బళ్లలో ఒకేషనల్ క్లబ్బులు ఎందుకు కావాలి?

నమస్తే అండీ. తొమ్మిదో తరగతి పిల్లగాడి ముందు కాలిపోయిన బోరు మోటారు పెట్టి విప్పమంటే మన ఇళ్లల్లో ఏమంటారు? "మావోణ్ని ఇంజనీరు చేద్దామనుకుంటుంటే మెకానిక్‌ను చేస్తారా సారూ?" అంటారు. ఇవాళ ఆ మాట గురించే మాట్లాడదాం. హైస్కూల్లో ఒకేషనల్ క్లబ్బులు, అంటే వృత్తి పనులు నేర్చుకునే పిల్లల సంఘాలు ఉండాలి. వాటిలో క్లాసు ఫస్ట్ వచ్చే పిల్లలు కూడా ఉండాలి. నేను గట్టిగా నమ్మేది ఇదే.

అసలు క్లబ్బు అంటే ఏంది? అమెరికాలో ఇవి ఎప్పటినుంచో ఉన్నాయి. వ్యవసాయం నేర్చుకునే హైస్కూలు పిల్లల కోసం 1928లో ఎఫ్‌ఎఫ్‌ఏ అనే సంఘం మొదలైంది. ఫ్యాక్టరీ పనులు, చేతి పనులు నేర్చుకునే పిల్లల కోసం 1965లో పెట్టిన సంఘాన్నే ఇప్పుడు స్కిల్స్‌యూఎస్‌ఏ అంటున్నారు. అక్కడ అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి అందరూ పిల్లలే, ఎన్నుకునేదీ పిల్లలే. ఎఫ్‌ఎఫ్‌ఏలో చేరిన పిల్లలు తాము పెంచే పంటకో పశువుకో ఎంత పెట్టారు, ఎంత వచ్చింది అని లెక్క రాసుకుంటారు. స్కిల్స్‌యూఎస్‌ఏలో వెల్డింగ్ పోటీ పెడితే, దాన్ని చూసి మార్కులు వేయడానికి ఆ రంగంలో పనిచేసేవాళ్లే వస్తారు. నాకు బాగా నచ్చింది ఇదే. అతుకు గట్టిగా పడిందా లేదా అన్నది రోజూ అతుకులు వేసే మనిషికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

మన దగ్గర కాగితం మీద తక్కువేం లేదు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్యలో పది రోజులు పిల్లలు పుస్తకాల బ్యాగు లేకుండా వడ్రంగి దగ్గరో, కుమ్మరి దగ్గరో, తోటమాలి దగ్గరో పని నేర్చుకోవాలంది. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద కొన్ని ప్రభుత్వ బళ్లలో 9, 10 తరగతులకు ఒకేషనల్ సబ్జెక్టు కూడా ఉంది. మంచిదే. కానీ సబ్జెక్టు వేరు, క్లబ్బు వేరు. సబ్జెక్టులో పిల్లలు వింటారు, పరీక్ష రాస్తారు. క్లబ్బులో బాధ్యత తీసుకుంటారు.

ఆ మోటారు సంగతే చూడండి. యాసంగిలో మన రైతులకు బోరే దిక్కు. వోల్టేజీ పడిపోతే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, లోపలి తీగ వేడెక్కి ఇన్సులేషన్ కాలిపోతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా అదే కథ. దాన్ని వైండింగ్ షాపుకు తీసుకెళ్తే, పని తెలిసిన మేస్త్రీ పాత తీగను ఉన్నపళంగా పీకి పారేయడు. ఒక్కో స్లాటులో, అంటే తీగ కూర్చునే గాడిలో, ఎన్ని చుట్లున్నాయో లెక్కపెడతాడు. తీగ గేజు, అంటే మందం, కొలుస్తాడు. ఏ కాయిల్ ఏ స్లాటులో మొదలై ఏ స్లాటులోకి పోయిందో నోటుబుక్కులో బొమ్మ గీసుకుంటాడు. కొత్త తీగ చుట్టేది ఆ తర్వాతే. చుట్లు తగ్గాయనుకోండి, మోటారు ఎక్కువ కరెంటు లాగి మళ్లీ కాలుతుంది, రైతుకు మళ్లీ ఖర్చు. పదో తరగతిలో ఓమ్ నియమం, విద్యుదయస్కాంతత్వం బట్టీ పట్టే పిల్లలకు ఈ పని చూపించామనుకోండి, ఆ పాఠం జన్మలో మర్చిపోతారా? రేపు ఎన్‌ఐటీలో సీటు కొట్టాలనుకునే అమ్మాయికి ఇది ఇంకా ఎక్కువ అవసరం.

మోటారు ఒక్కటే కాదు. ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ మన పక్కనే ఉంది. కామర్స్ క్లబ్బు పిల్లలు మిర్చి సీజన్‌లో తేజా, వండర్‌హాట్, చపాటా రకాల ధరలు రోజూ రాసుకోవచ్చు. తేమ ఎక్కువుంటే ఎంత తగ్గించారు, తాలు కలిస్తే ఎంత పోయింది అని లెక్క తీయొచ్చు. మన చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు ప్రత్యేక సరుకే అన్న ముద్ర, వచ్చింది. దాని వల్ల రైతుకు ధర పెరిగిందా లేదా అన్నది పిల్లలే తేల్చి చెప్పొచ్చు. కొత్తవాడలో జంపఖానాలు నేసే మగ్గాలున్నాయి. వాటికి 2018లోనే జీఐ వచ్చింది. గీసుగొండ, సంగెం వైపు పోతే మెగా టెక్స్‌టైల్ పార్కు. మగ్గం మీద పడుగు పేక చూసిన పిల్లలు అదే వారంలో పెద్ద మిల్లు కూడా చూస్తే, రెండింటికీ తేడా ఏంటో వాళ్లే అడుగుతారు. వరంగల్‌లోని పాత బట్టల మిల్లు అజంజాహి ఎందుకు మూతపడిందని కూడా అడుగుతారు. అడగాలి కూడా.

ఒక భయం ఉంది. అది నిజమైన భయమే, దాటేసి పోలేం. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం బడి వేళలు తగ్గించి, మిగతా పూట పిల్లలు ఇంట్లో తండ్రి వృత్తి నేర్చుకోవాలంది. కులవృత్తిలోకే మళ్లీ నెడుతున్నారని జనం తిరగబడ్డారు. మరుసటి ఏడాదే ఆ పథకం పోయింది. పోవాల్సిందే. కాబట్టి క్లబ్బుకు నా దృష్టిలో మొదటి నియమం: నేతన్న బిడ్డను నేత క్లబ్బులో, రైతు బిడ్డను వ్యవసాయ క్లబ్బులో వేయొద్దు. పిల్లలు కోరుకున్నదే ఇవ్వాలి, ఏడాదికోసారి మారనివ్వాలి. చదువు రాదనుకున్న పిల్లల్ని ఏరి ఇందులో పడేయడం అసలే వద్దు. అలా చేస్తే మొదటి నెలలోనే క్లబ్బుకు చెడ్డపేరు వస్తుంది.

ఇంకోటి. పిల్లల్ని షాపుల్లో పనికి పెట్టమని నేను చెప్పట్లేదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం. పద్దెనిమిది లోపు వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. మేస్త్రీయే బడికి రావాలి. మోటారుకు కరెంటు కనెక్షన్ ఉండకూడదు. పక్కన సార్ ఉండాలి. వచ్చిన మేస్త్రీని కుర్చీ వేసి కూర్చోబెట్టాలి, ఆ పూట కూలి పోతుంది కాబట్టి డబ్బులూ ఇవ్వాలి.

పది అయ్యాక పాలిటెక్నిక్ కోసం పాలిసెట్టా, ఐటీఐనా, ఇంటర్‌లో ఎంపీసీనా, ల్యాబ్ టెక్నీషియన్ పని నేర్పే ఒకేషనల్ ఎంఎల్‌టీనా అని ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. అప్పటికి ఆ పిల్లకు ఏ పనీ దగ్గర నుంచి చూసిన అనుభవం ఉండదు. పక్కింటోళ్ల అబ్బాయి ఏం తీసుకుంటే మనదీ అదే. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో రెండేళ్లు క్లబ్బులో తిరిగిన పిల్ల మాత్రం "నాకు ల్యాబ్ పని నచ్చింది నాన్నా" అనో, "నచ్చలేదు" అనో చెప్పగలదు. నచ్చలేదని ముందే తెలియడం కూడా లాభమే.

ప్రభుత్వ బళ్లలో ఇప్పుడు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలున్నాయి. వాటిలో ఉన్నది మహిళా సంఘాల అక్కలు. పిల్లల యూనిఫాంలు కుట్టే పని కూడా ఆ సంఘాలదే. అంటే కొలతలు తీసుకోవడం, బట్ట కత్తిరించడం, లెక్క అప్పజెప్పడం తెలిసినవాళ్లు కమిటీలోనే ఉన్నారు. మొదటి క్లబ్బుకు గురువు కోసం ఎక్కడో వెతకక్కర్లేదు. వచ్చే కమిటీ మీటింగుకు పోయి హెచ్‌ఎం సార్‌ను అడగండి: ఒక గది, శనివారం మధ్యాహ్నం రెండు గంటలు, పాత సామాన్ల దుకాణం నుంచి ఒక కాలిన మోటారు, రెండు కుట్టుమిషన్లు. పోయేటప్పుడు మీ బడి చుట్టుపక్కల ఏ పని ఎవరికి బాగా వచ్చో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి.