తాళం వేసిన ఇంటికి తగిన అలారం

శ్రోతలకు నమస్కారం.

సంక్రాంతికీ వేసవి సెలవులకూ ఊరికి బయలుదేరబోయేవారు, ఇళ్లకు అలారం బిగించే మాలాంటివారికి ఫోన్ చేసి సాధారణంగా రెండు మాటలు అడుగుతారు. ఏ కంపెనీది మంచిది, ఎంతవుతుంది? రెండూ అడగవలసినవే. అయితే మన విశాఖపట్నంలో, లాసన్స్ బే కాలనీలో సముద్రానికి దగ్గరగా ఉన్న పాత డాబా ఇంటికీ, మధురవాడలో ఐదో అంతస్తులో ఉన్న ఫ్లాటుకూ, గాజువాకలో కింద వాటా అద్దెకిచ్చి పైన ఉంటున్నవారి ఇంటికీ ఒకే జవాబు చెప్పేవారిని నమ్మవద్దని నా మనవి. ఊరికే మోగకుండా ఉంటుందా, నిజంగా మోగిన రోజున ఎవరైనా వస్తారా అన్న రెండు ప్రశ్నలు పెట్టుకుని అలారాలను పోల్చి చూడాలి. తరచూ ఉత్తపుణ్యానికి మోగే అలారాన్ని ఇంటివారు నెల తిరగకుండానే కట్టేస్తారు. ఆ తరువాత అది ఎంత ఖరీదైనదైనా ఒకటే.

ముందుగా ఒక తేడా చెప్పాలి. సీసీ కెమెరా జరిగినదాన్ని చూపిస్తుంది. అలారం జరుగుతుండగానే పిలుస్తుంది. కెమెరా ఉంది కదా అని అలారం వద్దనుకున్న ఇళ్లలో చాలాసార్లు చివరకు మిగిలేది ముఖానికి గుడ్డ కట్టుకున్న మనిషి బొమ్మ మాత్రమే.

ఇక సెన్సర్ల సంగతి. తలుపుకు బిగించే మ్యాగ్నెటిక్ కాంటాక్టు అన్నింటిలోకీ చవకైనది, నా దృష్టిలో అన్నింటికన్నా నమ్మదగినది. ద్వారబంధానికి రీడ్ స్విచ్ ఉన్న ముక్కను, తలుపు రెక్కకు అయస్కాంతం ఉన్న ముక్కను బిగిస్తాము. తలుపు మూసి ఉన్నంతసేపు అయస్కాంతం ఆ స్విచ్‌లోని సన్నని రేకులను కలిపి ఉంచుతుంది. తెరవగానే అవి విడిపోయి, సెన్సర్ల కబుర్లు అందుకుని సైరన్ మోగించే పెట్టె అయిన ప్యానెల్‌కు కబురు అందుతుంది. తలుపు తెరుచుకుంటే విద్యుత్ గంట మోగే ఏర్పాటుకు అమెరికాలో అగస్టస్ రస్సెల్ పోప్ 1853లోనే పేటెంట్ పొందారు. మా పనిలో సగం ఇప్పటికీ ఆ సూత్రం మీదే నడుస్తున్నది.

మన ఊళ్లో ఈ కాంటాక్టుకు ఉప్పుగాలి పెద్ద శత్రువు. ఎంవీపీ కాలనీలోనో, పెదవాల్తేరులోనో, బీచ్ రోడ్డు పక్కనో కొన్నేళ్ల కిందట బిగించినదాన్ని విప్పబోతే, ఇనుప మర తల తుప్పు పట్టి స్క్రూడ్రైవర్‌కు పట్టే దొరకదు. లోపల రాగి తీగ కొసకు ఆకుపచ్చని చిలుము పట్టి, వేలితో తాకితే పొడిపొడిగా రాలుతుంది. మర వదులై అయస్కాంతం కాస్త కిందికి జారిన చోట, తలుపు మూసే ఉన్నా ప్యానెల్ దాన్ని తెరిచినట్లే లెక్కవేస్తుంది. వానాకాలంలో చెక్క తలుపు ఉబ్బి సరిగా పడకపోయినా ఇదే జరుగుతుంది. అందువల్ల సముద్రానికి దగ్గరి ఇళ్లలో స్టెయిన్‌లెస్ స్టీలు మరలే వాడాలని, తీగ అతుకులకు టంకం పెట్టి స్లీవు తొడగాలని పట్టుబట్టి అడగండి. ఇనుప తలుపులకూ కొలాప్సిబుల్ గేట్లకూ మామూలు రకం సరిపోదు. ఇనుము అయస్కాంత బలాన్ని తనవైపు లాగుకుంటుంది కనుక, ఎక్కువ సందును తట్టుకునే పెద్ద కాంటాక్టు కావాలి.

గదిలో కదలికను పట్టే పీఐఆర్ సెన్సరు గురించి ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫాల్స్ అలారాల్లో ఎక్కువ భాగం దీనివల్లే వస్తాయి. ఒంటి నుంచి వెలువడే పరారుణ వేడి గది వేడి మీదుగా కదిలినప్పుడు ఇది గుర్తిస్తుంది. ఇళ్లలో వాడే రకాలు సాధారణంగా 12 మీటర్ల దాకా పనిచేస్తాయి. తన ముందు నుంచి అడ్డంగా నడిచేవారిని వెంటనే పడతాయి, సూటిగా తనవైపే వచ్చేవారిని ఆలస్యంగా పడతాయి. కాబట్టి గుమ్మానికి సరిగ్గా ఎదురుగా కాక, గది మూలన, ఏడడుగుల ఎత్తున బిగించడం మేలు. ఎండ పడే కిటికీ వైపుగాని, దేవుడి గదిలోని దీపం వైపుగాని, ఏసీ గాలి తగిలేలాగాని పెట్టకూడదు. మే నెలలో, మూసి ఉంచిన మేడ గది శ్లాబు వేడికి 35 డిగ్రీలకు చేరితే, మనిషి చర్మపు వేడికీ గోడ వేడికీ తేడా దాదాపు మిగలదు. ఉష్ణోగ్రతను బట్టి తనను తాను సవరించుకునే ఏర్పాటు లేని చవక రకాలు అక్కడ మందగిస్తాయి. వేసవిలోనే ఇళ్లకు తాళాలు పడతాయి కాబట్టి ఇది చిన్న లోపం కాదు.

బల్లుల విషయం కూడా చెప్పాలి. గోడ మీద దూరంగా పాకే బల్లిని సెన్సరు పట్టించుకోదు. అదే బల్లి లెన్సు మీదికి ఎక్కితే సెన్సరుకు మనిషంత కనిపిస్తుంది. చీమలూ బొద్దింకలూ తీగ దూర్చిన రంధ్రం గుండా లోపలికి చేరతాయి. ఆ రంధ్రాన్ని సిలికాన్‌తో మూయడం రెండు నిమిషాల పని, అయినా చాలామంది పనివారు మూయరు. పెంపుడు జంతువులు 25 కిలోల లోపు ఉంటే మోగదని డబ్బా మీద రాసిన సెన్సరు కూడా, పిల్లి సోఫా వీపు మీదికో అలమారా మీదికో ఎక్కితే మోగవచ్చు. ఆ హామీ నేల మీద తిరిగే జంతువుకే వర్తిస్తుంది.

వైర్డ్ పద్ధతా, వైర్‌లెస్ పద్ధతా అన్నదానికి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇల్లు కడుతున్న దశలో ఉంటే, ప్లాస్టరింగుకు ముందే పైపులు వేయించి తీగ లాగించండి. ప్రతి తీగ చివర సెన్సరు దగ్గర, కరెంటును కొంత అడ్డుకునే రెసిస్టర్ ఒకటి పెడితే, దారిలో ఎవరు తీగ కోసినా, కలిపేసినా ప్యానెల్‌కు తెలిసిపోతుంది. సెన్సర్లలో బ్యాటరీలు మార్చే బాధ ఉండదు. పూర్తయిన ఇంట్లో గోడలు పగలగొట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి అక్కడ వైర్‌లెస్ సరైనదే. కాని వైర్‌లెస్‌లోనూ రెండు రకాలున్నాయి. చవక రకం సెన్సరు కబురు పంపుతుందే తప్ప, అది అందిందో లేదో దానికి తెలియదు. దాని బ్యాటరీ అయిపోయినా ప్యానెల్ కనిపెట్టలేదు. మెరుగైన రకంలో సెన్సరూ ప్యానెలూ నిర్ణీత వ్యవధిలో ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. ఏదైనా పలకకపోతే మీ ఫోన్‌కు హెచ్చరిక వస్తుంది. రెండింటి ధరకూ మధ్య తేడా ఉన్న మాట నిజమే, ఆ తేడా పెట్టదగినదే.

మోగిన కబురు మీకు ఎలా చేరుతుంది? వైఫై మీద మాత్రమే ఆధారపడే అలారం, కరెంటు పోయి రౌటర్ ఆగగానే మూగబోతుంది. సిమ్ కార్డు వేసే ప్యానెల్ ఆ విషయంలో మేలు. అయితే 2జీ మాత్రమే ఉన్న ప్యానెల్‌లో జియో సిమ్ పనిచేయదు, ఎందుకంటే ఆ సంస్థకు 2జీ నెట్‌వర్క్ లేదు. సిమ్‌కు రీచార్జి చేయించడం మరచిపోయినా ఫలితం ఒకటే. ఇక 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు కరెంటూ, సెల్ టవర్లూ కూడా ఆగిపోయిన రోజులు విశాఖవాసులెవరూ మరచిపోలేదు. అలాంటప్పుడు పనికొచ్చేది ఇంటి మీది సైరనే. అందుకే యాప్ ఉంది కదా అని బయటి సైరన్ మానుకోవద్దని గట్టిగా చెబుతాను. దాన్ని నిచ్చెన లేకుండా అందని ఎత్తులో, చూరు కింద, మూత తీస్తే మోగే రకం పెట్టించాలి.

ప్యానెల్ బ్యాటరీ కూడా చూసుకోవాలి. 12 వోల్టుల 7 యాంపియర్ అవర్ బ్యాటరీ, 200 మిల్లీయాంపియర్లు తీసుకునే వ్యవస్థను లెక్క ప్రకారం 35 గంటలు నడపాలి. వాస్తవంలో ఒక రోజుకే లెక్కవేసుకోండి, మూడేళ్లకోసారి మార్పించండి.

ఫ్లాటులో ఉన్నవారికి ప్రధాన ద్వారానికీ బాల్కనీ తలుపుకూ కాంటాక్టులు, హాలులో ఒక పీఐఆర్ చాలావరకు సరిపోతాయి. విడి ఇంటివారు పెరటి తలుపునూ, మేడ మీది మెట్ల గది తలుపునూ ముందు చూసుకోవాలి. వీధి గుమ్మానికి పెట్టే శ్రద్ధలో సగమైనా ఆ రెండింటికీ పెట్టకపోవడం నేను తరచూ చూస్తుంటాను.

మోగితే వచ్చే మనిషిని కూడా ముందే ఏర్పాటు చేసుకోండి. పక్కింటి అన్నయ్యగారినో, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌నో, అదే పేటలో ఉన్న బంధువునో అడిగి, వారి నంబర్లు ప్యానెల్‌లో పెట్టించండి. సైరన్ వింటే ఒంటరిగా లోపలికి వెళ్లవద్దని, 112కు ఫోన్ చేయాలని వారికి చెప్పి ఉంచండి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) పేరుతో తాళం వేసిన ఇళ్ల కోసం ఒక నిఘా పద్ధతి తెచ్చింది. ఊరెళ్లేవారు ముందుగా తెలిపితే, కదలికను గుర్తించే కెమెరాను పోలీసులే ఇంట్లో అమరుస్తారు. మీ స్టేషన్‌లో ఇది ఎలా అందుతుందో ప్రయాణానికి ముందే విచారించండి.

పని పూర్తయిందని చెప్పి డబ్బు అడిగినప్పుడు, మెయిన్ స్విచ్ ఆపించి, వైఫై కట్టేయించి, ప్రతి తలుపూ తెరిచి, ప్రతి గదిలో మీరే నెమ్మదిగా నడిచి చూడండి. సైరన్ మోగాలి, మీరిచ్చిన నంబర్లన్నింటికీ ఫోన్ రావాలి. కంపెనీ నుంచి వచ్చిన కోడ్‌ను మీ ఎదుటే మార్పించి, కొత్తది ఇంట్లో ఇద్దరికి మాత్రమే తెలిసేలా ఉంచుకోండి. ఇదంతా అరగంటలో తేలిపోతుంది. అది చేయడానికి వెనకాడే పనివారికి మిగిలిన డబ్బు ఇవ్వకండి.