పాతాళ భైరవిని నిలబెట్టింది మాంత్రికుడే

అందరికీ నమస్కారం. సినిమానే మూడు గంటలు దాటింది కాబట్టి నేను ఎక్కువసేపు మాట్లాడితే మీరు ఊరుకోరు. టీ కూడా వచ్చేసినట్టుంది. తాగుతూ వినండి.

ఇందాక తెర కంటే మీ మొహాలే ఎక్కువ చూశాను. ‘పాతాళ భైరవి’ నాకు కొత్త కాదు. ఇంతమంది కాలేజీ పిల్లల మధ్య కూర్చుని చూడటం మాత్రం కొత్త. అంతఃపురం, చెలికత్తెలు, రాజుగారి బావమరిది వేషాలు నడుస్తున్నంతసేపూ ఫోన్లు వెలుగుతూనే ఉన్నాయి. ఒకాయన బయటికి వెళ్లి తీరిగ్గా వచ్చారు కూడా. మాంత్రికుడు వేసిన ఎస్వీ రంగారావు గొంతు వినపడితే చాలు, ఆ ఫోన్లు జేబుల్లోకి వెళ్లిపోయేవి. ఈ సినిమా కాలానికి నిలిచిందా అని కదా నన్ను మాట్లాడమన్నారు. నిలిచింది. అంతా మాత్రం నిలవలేదు. నిలిచినంత మేరా మాంత్రికుడి పుణ్యమే. కథానాయకుడు, ఎన్టీఆర్ వేసిన తోట రాముడి అభిమానులు నన్ను మన్నించాలి.

వివరాలు కొన్ని త్వరగా చెప్పేస్తాను. 1951 మార్చి 15న విడుదలైంది. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా సంస్థకు ‘షావుకారు’ తర్వాతి సినిమా. కె.వి.రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు కథా మాటలూ పాటలూ, ఘంటసాల సంగీతం, మార్కస్ బార్ట్లీ కెమెరా, గోఖలే, కళాధర్ల సెట్లు. 1952లో బొంబాయిలో జరిగిన మన దేశపు తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి దక్షిణాది నుంచి వెళ్లిన సినిమా ఇదొక్కటే. కాబట్టి జనమూ మెచ్చారు, పెద్దలూ మెచ్చారు. అయితే అప్పటి మెప్పుతో ఇప్పటి ప్రేక్షకుడికి పనిలేదు. ఇవాళ కూర్చోబెడుతుందా లేదా, అంతే.

కథగా చూస్తే ఇందులో కొత్తదేమీ లేదు. పేదవాడు, రాజకుమారి, కోరింది ఇచ్చే వస్తువు, రాత్రికి రాత్రి మాయమైపోయే మేడ, ఇదంతా అల్లావుద్దీన్ కథే. సాష్టాంగం ఎలా పడాలో నువ్వే చేసి చూపించమని అడిగి రాముడు మాంత్రికుడి తల నరికే ఉపాయం భేతాళ కథల్లోది. మిగతా దానిమీద కాశీమజిలీ కథల నీడ ఉంది. అమ్మమ్మలు చెప్పే సరుకే. పింగళి గారు ఆ పాత సరుకులోంచి ఒక మనిషిని తయారు చేశారు. ఆ మనిషే నేపాళ మాంత్రికుడు.

ఆ వేషం వేసేనాటికి రంగారావుకు ముప్ఫై మూడేళ్లు కూడా నిండలేదు. ఇది గుర్తు పెట్టుకుని మళ్లీ చూడండి. ఆ గడ్డం, ఆ చూపు, వాక్యం చివర సాగదీసి వదిలే పద్ధతి, అన్నీ ఒక కుర్రాడు కట్టుకున్నవి. “సాహసం సేయరా డింభకా” అన్న మాట ఈ సినిమా చూడని వాళ్లకు కూడా తెలుసు. నిజానికి అది చంపడానికి తీసుకెళ్తున్నవాడికి చెప్పే మాట. బలి ఇవ్వబోయే మేకను నిమిరినంత ప్రేమగా అంటాడు. అందులోనే ఉంది భయమంతా. తెలుగు తెర మీద ప్రతినాయకులు అరిచినంత అరిచారు. ఈయన బుజ్జగించాడు. అరుపులు పాతబడిపోయాయి గానీ బుజ్జగింపు ఇంకా పనిచేస్తోంది. మీ ఆఫీసుల్లో పనిచేయిస్తున్న వాళ్లను తలుచుకుంటే మీకే తెలుస్తుంది.

నాకు బాగా నచ్చే ఘట్టం గడ్డం తీయించుకునేది. సంగతి చూడండి. కోరింది ఇచ్చే పాతాళ భైరవి విగ్రహం మాంత్రికుడి చేతికి వచ్చేసింది. రాజుగారి బావమరిది శూరసేనుడి చేత దొంగిలింపజేసి, మేడతో సహా రాజకుమారి ఇందుమతిని ఎత్తుకొచ్చేశాడు. లోకంలో ఇక కావలసిందేమీ లేదు. అయినా ఆ పిల్ల మొహం తిప్పుకుంటోంది. అప్పుడు శిష్యుడు సదాజపుడి వేషంలో ఉన్న రాముడి స్నేహితుడు అంజిగాడు చెబుతాడు, ఈ గడ్డం తీసేస్తే పడుచువాడిలా కనపడతారని. అంత తెలివైనవాడు, చచ్చి బతికినవాడు, తన శక్తంతా ఆ గడ్డంలోనే ఉందని తెలిసినవాడు, నమ్మేస్తాడు! కత్తులూ మంత్రాలూ ఏమీ చేయలేని మనిషిని, అందంగా కనపడాలనే ఆశ దెబ్బ తీసింది. ఆ కాసేపూ రంగారావు మొహంలో సిగ్గు చూశారా? హాల్లో నవ్వులు పడింది అక్కడే. ఆ నవ్వులో కొంచెం జాలి కూడా వినపడింది నాకు.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఈ సినిమాలో దేవత ఎవరి పక్షమూ కాదు. మన పురాణ చిత్రాల్లో దేవుడు మంచివాడి వైపు ఉంటాడని ముందే తెలుసు, టెన్షన్ ఉండదు. ఇక్కడ గిరిజ వేసిన భైరవి అలా కాదు. విగ్రహం రాముడి చేతిలో ఉంటే “నరుడా, ఏమి నీ కోరిక” అని అడుగుతుంది. మాంత్రికుడి చేతిలోకి పోతే అతని కోరికా అంతే నిక్కచ్చిగా తీరుస్తుంది. బలి కావాలంది, వచ్చింది, అది ఎవరి తలన్నది ఆవిడకు అనవసరం. మంచీ చెడూ అడిగేవాడి నెత్తిన వేసేసి తాను చిరునవ్వుతో నిలబడుతుంది. జానపద చిత్రంలో ఇంత చల్లటి బేరం ఎలా పెట్టారో అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

రాముడు కోరింది కూడా చూడండి. మేడ, సిరిసంపదలు. ఎందుకంటే ఉజ్జయిని రాజు పెట్టిన షరతు డబ్బే. మాతో తూగే ఐశ్వర్యం తెచ్చుకో, పిల్లనిస్తాం అన్నాడు. రాజ్యాంగం అమల్లోకి వచ్చి ఏడాది దాటిన రోజులవి, తొలి సాధారణ ఎన్నికలు ఇంకా రాలేదు. తోటమాలి కొడుకు రాజుగారి ముందు తల ఎత్తి నిలబడితే నేల టికెట్టు వాళ్లు ఈలలు వేయకుండా ఉంటారా? ఆ వేడి ఇవాళ మనకు అందదు. షరతు మాత్రం అర్థమవుతుంది. పెళ్లి సంబంధాల్లో ప్యాకేజీ ఎంత అని అడగడం మానలేదు కదా.

ఇక ట్రిక్కుల సంగతి. ఎగిరే మేడ బొమ్మ మేడేనని చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. పట్టేసినా సినిమా పాడవలేదు. బార్ట్లీ నలుపు తెలుపుల్లో తీశాడు కాబట్టి అతుకులు నీడల్లో కలిసిపోయాయి. రంగుల్లో అయితే బొమ్మ రంగు ఒకటి, సెట్టు రంగు ఒకటి అయి బయటపడేవి. ఇదే కథను 1985లో హిందీలో రంగుల్లో తీశారు. జితేంద్ర హీరో. అంత పెద్ద నటుడు, అంత హంగు. అందులోంచి ఒక్క మాట ఎవరి నోటనైనా విన్నారా? నేనైతే వినలేదు.

నిలవనివి కూడా చెప్పాలి. నాట్యాల్లో సగం తీసేసినా కథకు నష్టం లేదు. అయితే ఒక దానిలో చిన్న నర్తకి వేషంలో సావిత్రి ఉంది కాబట్టి నేను కత్తెర పట్టుకోను. ఆరేళ్లకు ఇదే సంస్థలో, ఇదే దర్శకుడి దగ్గర, ‘మాయాబజార్’లో శశిరేఖగా వచ్చి రంగారావు ఘటోత్కచుడి హావభావాలను తన ఒంట్లో పెట్టుకుని చూపించింది ఆ అమ్మాయే. రేలంగి హాస్యం అక్కడక్కడా బాగుంది, చాలాచోట్ల సాగింది. పాటల్లో ‘కలవరమాయే మదిలో’ గురించి నేను చెప్పాల్సింది ఏమీ లేదు. ఇందాక వెనక వరుసలో ఇద్దరు గొంతు కలిపారు, విన్నాను.

అన్నిటికన్నా పెద్ద లోపం ఇందుమతి. మాలతి నటనలో తప్పు లేదు, రాసినవాళ్లదే తప్పు. రాజు షరతు పెడతాడు, మాంత్రికుడు ఎత్తుకుపోతాడు, రాముడు తెస్తాడు. మేడ ఎక్కడికి పోతే ఆ అమ్మాయి అక్కడికి పోతుంది. మేడలో సామానుతో పాటు ఆవిడ! అప్పట్లో అలాగే తీసేవారు అని సర్దుకోలేం. ఇదే కె.వి.రెడ్డి 1949లో ‘గుణసుందరి కథ’ తీశారు, అందులో కథను నడిపించేది ఆడపిల్లే. చేతకాక కాదు, ఇక్కడ అవసరం అనుకోలేదు. మాంత్రికుడిని మొహం మీదే కాదన్న ఒక్క చోట ఇందుమతికి ప్రాణం వచ్చింది. ఆ కాస్త ఇంకొంచెం పెంచి ఉంటే బాగుండేది.

అంజి వేషం వేసిన ఆనాటి హాస్యనటుడు బాలకృష్ణను నేను తక్కువ చేశానని ముందు వరుసలో పెద్దాయన అప్పటి నుంచీ తల అడ్డంగా ఊపుతున్నారు. మైకు ముందు ఆయనకివ్వండి. ఇందుమతి మీద నాతో గొడవ పెట్టుకునేవాళ్లు ఆ తర్వాత.