కిలోమీటర్లు కాదు, మీటర్లు అడగండి

శ్రోతలందరికీ నమస్కారం. ఈ పొద్దు సైకిల్ టూర్ల గురించి నాలుగు మాటలు చెప్తా. సైకిల్ టూర్ అంటే ఏందంటే, పది పదిహేను మంది జమవుతారు, ముందర ఒక గైడు, వెనకాల ఒక వ్యాను, మన బ్యాగులు వ్యాన్లో, మనం సైకిల్ మీద, రాత్రికి ఏదో ఒక ఊర్లో లాడ్జి, పొద్దున్నే మళ్ళీ తొక్కేది, అట్ల మూడు నాలుగు దినాలు. మన కడప, అనంతపురం, కర్నూలు పిల్లోళ్ళు బెంగళూరులో ఉద్యోగాలు చేస్తా ఈ టూర్లకు బాగా అలవాటు పడినారు. ఇంట్లో నాలాంటోళ్ళను కూడా రా రా అని లాగుతాండారు. నన్ను లాగింది మా బావమరిది.

వాడు ప్రతి ఆదివారం నంది హిల్స్ ఎక్కి దిగే మనిషి. నేనేమో ఆదివారం పొద్దున్నే కడప నుంచి ఒంటిమిట్టకు పోయి, కోదండరాముడికి దండం పెట్టుకోని, గుడి బయట టీ తాగి వచ్చేవాణ్ణి. పోనూ రానూ 50 కిలోమీటర్లు. రోడ్డు చదును. ఆ 50 తొక్కినందుకే ఇంట్లో ఆ పొద్దంతా కాలు మీద కాలేసుకోని కూర్చునేవాణ్ణి, అది వేరే సంగతి.

వాడు పంపించిన టూర్ కాగితం చూసినా. మొదటి దినం మైసూరు నుంచి గుండ్లుపేట, 60 కిలోమీటర్లు. రెండో దినం బందీపూర్ అడవి మీదుగా మసినగుడి, 40 చిల్లర. మూడో దినం మసినగుడి నుంచి ఊటీ, 30. నాకు భలే నచ్చింది, రోజురోజుకూ తగ్గుతా పోతాందే, మూడో దినం మధ్యాహ్నానికి ఊటీలో వేడివేడి బజ్జీలు తింటా ఉంటాం అనుకున్నా. కాగితం పైన టూర్ స్థాయి అని ఒక మాట ఉంది, మోడరేట్ అని, అంటే మధ్యరకం. ఎవరికి మోడరేట్ అని నేను అడగలే. మా బావమరిదికి మోడరేట్, ఒంటిమిట్ట మనిషికి కాదు.

ఇంకొక సంగతి ఉంది, చెప్పుకోడానికి సిగ్గే గానీ చెప్తా. టూర్ వాళ్ళు ఒక ఫారం పంపించినారు. వారానికి ఎన్ని కిలోమీటర్లు తొక్కుతారు అని అడిగినారు, 150 అని రాసినా. ఏదైనా ఘాట్ ఎక్కినారా అని అడిగినారు, గువ్వలచెరువు ఘాట్ అని రాసినా. అబద్ధం కాదు, ఎక్కినా, చానాసార్లు ఎక్కినా, రాయచోటి బస్సులో.

మొదటి రెండు దినాలు బాగానే జరిగినాయి. బందీపూర్లో జింకలు, నెమళ్ళు, దూరంగా ఒక ఏనుగు, గైడు ఎవురూ ఆగొద్దు, విడిపోవద్దు అని అరస్తా ఉంటే గుంపుగా పోయినాం. మూడో దినం పొద్దున మసినగుడి దాటి కొంచెం దూరం పోయినాక కల్లట్టి ఘాట్ మొదలైంది. 36 మలుపులు. మలుపుకొక నంబరు బోర్డు. మామూలు ఘాట్ మాదిరి చుట్టుకుంటా నిదానంగా ఎక్కేది కాదది, నిలువు. మసినగుడి నుంచి ఊటీకి దూరం 30 కిలోమీటర్లే గానీ పైకి ఎక్కాల్సింది 1,200 మీటర్లకు పైన, అందులో ఎక్కువ భాగం ఈ ఘాట్ లోనే. మన కడప సముద్రమట్టానికి 140 మీటర్ల దగ్గర ఉంటే, ఊటీ 2,240.

మూడో మలుపుకు గేర్లన్నీ అయిపోయినాయి. నా సైకిల్ స్పీడుగా పోయే రకం, చదునులో గుర్రం, ఎక్కుట్లో గాడిద. అయిదో మలుపు కాడ దిగి తోసినా. ఏడో మలుపు కాడ మళ్ళీ ఎక్కి ఇరవై అడుగులు తొక్కి మళ్ళీ దిగినా. నడిచేవాడి స్పీడు కూడా లేదబ్బా నాది. పదకొండో మలుపు కాడ వ్యాను నా పక్కన ఆగింది, డ్రైవరు ఏమీ మాట్లాడకుండా తలుపు తీసినాడు. లోపల అప్పటికే ఒక సాఫ్ట్‌వేర్ పిల్లోడు కూర్చోని ఉన్నాడు. ఊటీ దాకా ఇద్దరం ఒకరి మొగం ఒకరు చూసుకోలే.

టూర్ వాళ్ళ తప్పేం లేదు, ఫారంలో నేను రాసిందే వాళ్ళు నమ్మినారు. బజ్జీలు తిన్నా గానీ రుచి తెలీలే.

అందుకే నేను చెప్పేది, కిలోమీటర్లు కాదు, మీటర్లు అడగండి. ఏ రోజు మొత్తం ఎన్ని మీటర్లు ఎక్కాల అని. పది కిలోమీటర్లకు వంద మీటర్లు ఎక్కేదుంటే మనకు తెలియను కూడా తెలీదు. అదే పది కిలోమీటర్లకు ఎనిమిది వందలు ఎక్కేదుంటే నాలాంటోడు గంటకు అయిదు కిలోమీటర్లు పోతే గొప్ప, అంటే ఆ పదికే రెండు గంటలు. ఒంటిమిట్టకు పోయి వచ్చేంత అలుపు ఆ పది కిలోమీటర్లలోనే ఉంటాది. కాగితం మీద రోజుకు 30 అని ఉంటే తేలిక, 70 అని ఉంటే కష్టం అనుకుంటాం, తలకిందులుగా ఉండొచ్చు. మళ్ళీ చెప్తా, కిలోమీటర్లు కాదు, మీటర్లు.

అనంతపురం వాళ్ళకు ఇంకొకటి కూడా తెలుసు, గాలి. రామగిరి దిక్కు గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. జూన్, జులైలో పడమటి గాలికి ఎదురు తొక్కితే చదును రోడ్డు కూడా ఘాట్ మాదిరే ఉంటాది, ఏ కాగితంలోనూ రాయరు అది. ఎండ సంగతి మనకు చెప్పేదేముంది.

బ్యాటరీ సైకిల్ ఇస్తామంటే తీసుకోండి, నామోషీ ఏం లేదు. మామూలు సైకిల్ అయితే ముందర చిన్న పళ్ళచక్రం, వెనక పెద్ద పళ్ళచక్రం ఉండేదాన్ని అడిగి తీసుకోండి, రెంటికీ పళ్ళు ఇంచుమించు సమానంగా ఉంటే ఎక్కుట్లో కాళ్ళు బతుకుతాయి.

ఇంకొకటి, టూర్లో మనల్ని దెబ్బతీసేది మొదటి దినం కాదు. ఒక్క దినం ఎవడైనా మొండిగా తొక్కేస్తాడు. రెండో దినం పొద్దున లేచి, నొప్పి మీదనే మళ్ళీ సీటు మీద కూర్చోవాల చూడండి, అక్కడ తెలుస్తాది. డబ్బు కట్టకముందు ఒక శనివారం, ఆ మరుసటి ఆదివారం, రెండు దినాలూ టూర్లో ఉన్నంత దూరం ఇక్కడే తొక్కి చూడండి. కడపోళ్ళకు చేతికాడే గువ్వలచెరువు ఘాట్ ఉంది. లారీలు ఎక్కువ, ఒంటరిగా వద్దు, తెల్లారీ తెల్లారకముందే వద్దు, బాగా వెలుతురు వచ్చినాక ఇద్దరు ముగ్గురు కలిసి, వెనక ఎర్ర లైటు పెట్టుకోని పోండి, దిగేటప్పుడు బ్రేకుల మీద చెయ్యి తియ్యొద్దు. నేను ఊటీ నుంచి వచ్చినాక ఆరు నెలలకు ఎక్కినా. మధ్యలో రెండుసార్లు ఆగినా, తోయలే. ఘాట్ దాటినాక ఊర్లో ఆకులో పెట్టిచ్చిన పాలకోవా తింటా ఉంటే అంగడాయన, సైకిల్లోనా వచ్చినారు సార్ అని రెండుసార్లు అడిగినాడు. రెండుసార్లూ అవునని చెప్పినా.

మొన్న మా బావమరిది మళ్ళీ ఇంకొక టూర్ కాగితం పంపించినాడు, కొడగు, నాలుగు దినాలు. ఈసారి నేనే వాళ్ళకు ఫోన్ చేసినా. ఏ రోజు ఎన్ని మీటర్లు అన్నా. సార్, ఎవరూ అడగరు సార్, చూసి చెప్తామన్నారు, సాయంత్రానికి నాలుగు దినాల లెక్కా పంపించినారు. మూడో దినం నాకు మించింది. ఆ దినం సగం దాకా తొక్కి, మధ్యాహ్నం నుంచి వ్యాన్లో వస్తా అని ముందే చెప్పినా, సరే అన్నారు, ఎంత తేలిగ్గా ఒప్పుకున్నారో. ఊటీలో ఆ మాట నేను ముందే చెప్పి ఉంటే పదకొండో మలుపు కాడ ఆ మొగం వేసుకోని ఉండేవాణ్ణి కాదు.

ఫారం కూడా వచ్చింది. వారానికి 70 కిలోమీటర్లు అని రాసినా. ఘాట్ ఎక్కినారా అన్న కాడ, గువ్వలచెరువు, సైకిల్లో ఒకసారి, బస్సులో చానాసార్లు అని రాసి పంపించినా.

నమస్కారం.